గూబ పిల్లల జాడ

సుబేదారి, హనుమకొండ
10 ఫిబ్రవరి 2025

కరీం భాయ్‌కి, శ్యాంసుందర్ నమస్కారాలు.

మీ చెవులు మొరాయించి, మీరు ఫోన్‌ను మూలన పడేసినప్పటి నుంచి నాకు ఉత్తరాలు రాసే అలవాటు పట్టుకుంది. "రిటైరైన ఫిజిక్స్ సారు మళ్లీ హోంవర్క్ మొదలుపెట్టిండు" అని మా ఆవిడ సుభాషిణి నవ్వుతోంది. నవ్వనివ్వండి. ఇంట్లో వాళ్లకు మన పిచ్చి ఎప్పుడు అర్థమైంది గనక.

విషయం చెప్తాను, కుర్చీలో సరిగ్గా కూర్చోండి. మన గుట్ట మీద కొండగూబ పిల్లల్ని లేపింది. రెండు. పద్దెనిమిదేళ్ల కింద మీరు కనిపెట్టిన అదే బండ అరుగు మీద. మీరు హనుమకొండ వదిలి కూతురింటికి నిర్మల్ వెళ్లాక అది ఒక్క ఏడాది కూడా అక్కడ గుడ్లు పెట్టలేదు. మీ మీద అలిగిందేమో అనుకునేవాణ్ణి.

నిన్న ఆదివారం తెల్లవారుతుండగానే ధర్మసాగర్ దాటాను. గుట్ట కింద సారయ్య మేకలతో సిద్ధంగా ఉన్నాడు. ఆయన సంగతి మీకు కొత్తగా చెప్పాలా. తొమ్మిది నెలలు మేకలు కాస్తాడు, ఎండాకాలం మూడు నెలలు గుట్టకు నిప్పంటుకోకుండా అటవీశాఖ వాళ్లకు కాపలా ఉంటాడు. ఇప్పుడూ ఆ గొంగడి భుజం మీది నుంచి దిగదు. నన్ను చూడగానే "సార్, ఇయ్యాల మీకు పండుగే" అని రెండు వేళ్లు చూపించాడు. ఎక్కేసరికి నా మోకాళ్లు మొత్తుకున్నాయి. పైన ఆ రెండు దూది మూటల్ని చూశాక నొప్పి గుర్తులేదు.

మనం అనుకున్నదే. ఫొటో కింద "వరంగల్ పరిసరాలు" అని తప్ప ఇంకొక్క అక్షరం రాయను. గూబ ఉందని తెలిస్తే, దాన్ని బలిచ్చి గుప్తనిధుల పూజలు చేసేవాళ్లు గోనె సంచులు పట్టుకుని దిగుతారు. చోటు తెలిసింది మీకు, నాకు, సారయ్యకు. అంతే.

నాలుగు ప్రింట్లు పంపుతున్నాను. ఎలాగూ తిడతారు, త్వరగా తిట్టండి.

మీ
శ్యాంసుందర్


నిర్మల్
16 ఫిబ్రవరి

తమ్ముడు శ్యాంకు, కరీం దువాలు.

ప్రింట్లు చూసి పొద్దున చాయ్ చల్లారబెట్టుకున్నాను. ఫర్హానా రెండోసారి వేడి చేసి ఇస్తూ "నాన్నా, అవి గూబలు, మనవలు కావు" అంది. ఇంట్లో ఎవరు ఏమన్నా పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాను. పెరట్లో జామచెట్టు మీద పిట్ట నోరు తెరవడం కనపడుతుంది, పాట మాత్రం నాదాకా రాదు. నువ్వు పంపే ఫొటోలే నా అడవి ఇప్పుడు.

ఇక తిట్లు. కళ్లలో ఫోకస్ బాగుంది. మెత్తటి నూగు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కానీ ఇవి పాస్‌పోర్టు ఫొటోలు. చౌరస్తాలో స్టూడియో పెట్టుకుని నలభై ఏళ్లు నేను తీసినవి అవే, అందుకే చెప్తున్నాను. మొహం తప్ప ఏమీ లేదు. ఆ గూబ ఎక్కడ కాపురం ఉంటోంది? ఏం చూస్తూ పెరుగుతోంది? ఆ పొడుగు లెన్సు పక్కన పెట్టు. పది అడుగులు వెనక్కి నడువు. పిట్ట చిన్నగా ఉంటే ఉండనీ, దాని ఇల్లు కనపడనీ. రెండు రాతి గుండ్లు, వాలు, కింద చెరువు నీళ్లు, కట్ట, పొద్దటి ఎండ. అలాంటి ఫొటో మన వరంగల్‌లో ఇంకా ఎవడూ తీయలేదు. తీస్తే నువ్వే తీయాలి.

సారయ్యకు నా సలాం చెప్పు. ఆయన గొంగడి నీడలో కూర్చుని తిన్న జొన్నరొట్టె రుచి ఈ ఇంట్లో లేదు. ఫర్హానా ఈ ఉత్తరం చదవకుండానే అంటించేస్తున్నాను.

కరీం


సుబేదారి
3 మార్చి

కరీం భాయ్‌కి,

అరుగు ఖాళీగా ఉంది.

ఇంకెలా మొదలుపెట్టాలో తెలియలేదు. నిన్న ఆదివారం ఎక్కేసరికి పిల్లలు లేవు. తల్లి కూడా కనపడలేదు. నెత్తురు లేదు, చెదిరిన ఈకలు లేవు. ఏ నక్కో వచ్చి ఉంటే ఏదో ఒకటి మిగలాలి కదా. ఐదు వారాల పిల్లలు నడుస్తాయి గానీ ఎగరలేవు. అంటే చేతులతో ఎత్తుకుపోయారు.

ఎవరు? మీరు నిర్మల్‌లో ఉన్నారు. నేను చోటు ఎవరికీ చెప్పలేదు. మిగిలింది ఒక్కరు. ఆ పేరు రాయడానికి నాకూ చెయ్యి రావడం లేదు, కానీ జరిగింది వినండి. నిన్న సారయ్య నాతో పైకి రాలేదు. "మేకలు ఆగమైతయ్ సార్, మీరు పోయి రాండ్రి" అన్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడైనా అలా అన్నాడా? నేను పరుగున దిగివచ్చి పిల్లలు ఏమయ్యాయని అడిగితే నేల చూపులు చూస్తూ "నాకెర్కలేదు" అన్నాడు. కుడి చేతికి గుడ్డ కట్టి ఉంది. ఏమిటంటే ముల్లు గీరిందట. ముల్లు గీరితే మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు కడతారా?

ఊళ్లో చాయ్ హోటల్ మల్లక్కను అడిగాను. శనివారం మధ్యాహ్నం ఇద్దరు కొత్తవాళ్లు బండి మీద వచ్చి సారయ్యతో చాలాసేపు మాట్లాడారట. "ఎవలో మరి, మంచిగ దోస్తుల్లెక్క ముచ్చటపెట్టిండ్రు" అంది.

ఇక మీరే చెప్పండి. పదిహేనేళ్లుగా ఆ మనిషిని ఇంటి మనిషిలా చూశాను. అటవీశాఖలో కొత్తగా వచ్చిన బీట్ ఆఫీసర్ భాస్కర్ "అనుమానం ఉంటే కాగితం మీద రాసివ్వండి సార్, మేం చూస్తం" అన్నాడు. రాసివ్వాలనే అనుకుంటున్నాను.

శ్యాంసుందర్


నిర్మల్
9 మార్చి

తమ్ముడు శ్యాంకు,

రంజాన్ రోజా ఉండి రాస్తున్నాను, రాత కాస్త వంకర పోతే సర్దుకో.

పిల్లలు పోయాయని రెండుసార్లు చదివాను. నీ కోపం అర్థమైంది. నీ ఆధారమే అర్థం కాలేదు. చేతికి కట్టు, నేల చూపులు, చాయ్ హోటల్ మాట. వీటితో మనిషిని దొంగ అనొచ్చా? మా స్టూడియోలో ఒకసారి లెన్సు పోతే నేను పనిపిల్లాణ్ణి అనుమానించి పంపేశాను. వారం తర్వాత అది నా బీరువాలోనే దొరికింది. వాడు మళ్లీ రాలేదు. నేను పిలవడానికి వెళ్తే వాళ్లమ్మ తలుపు తీయలేదు.

భాస్కర్‌కు ఏమీ రాసివ్వకు. రాసిచ్చావా ఇప్పటికే? ఈ ప్రశ్నకు సూటిగా జవాబివ్వు.

ఒక పని చెయ్యి. ఫిబ్రవరి తొమ్మిది నుంచి మొన్నటి దాకా ఆ గుట్ట మీద నువ్వు తీసిన ప్రతి ఫొటో ప్రింటు వేయించి పంపు. మంచివే ఏరి పంపొద్దు. మసకవి, చెయ్యి కదిలినవి, ఖాళీ అరుగువి, అన్నీ, తీసిన వరుసలోనే. వెనక తేదీ రాయి.

కరీం


సుబేదారి
14 మార్చి

కరీం భాయ్‌కి,

ఇరవై ఆరు ప్రింట్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. బయట హోలీ అల్లరి, నేను తలుపులేసుకుని ఫొటోల వెనక తేదీలు రాసుకుంటూ కూర్చున్నాను. "వరుసలోనే" అన్నారు. నా మీద అనుమానం ఉంటే నేరుగా అనొచ్చు. ముప్పై ఏళ్ల పరిచయంలో మీరు నన్ను ఇలా హాజరు పిలవడం ఇదే మొదటిసారి. పిల్లల్ని అంతకాలం హాజరు పిలిచినవాణ్ణి, ఆ గొంతు నాకు తెలుస్తుంది.

పన్నెండో నంబరు ప్రింటు చూసి మీకు సంతోషం కలగాలి. ఫిబ్రవరి ఇరవై మూడున తీసింది. మీరు చెప్పినట్టే వెనక్కి నడిచి తీశాను. దాని గురించి అప్పుడే రాద్దామనుకున్నాను, ఈ గొడవలో మరిచిపోయాను. హనుమకొండలో ఒక కాలేజీ హాల్లో ఫిబ్రవరి ఆఖరి రెండు రోజులు ప్రకృతి ఫొటోల ప్రదర్శన పెట్టారు. మార్చి ఒకటో తేదీ శనివారం పొద్దున ఫలితాలు చెప్పారు. మొదటి బహుమతి దానికే. మా పిట్టల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. మీరు అడక్కముందే చెప్తున్నాను, చోటు పేరు ఎక్కడా రాయలేదు. "వరంగల్ పరిసరాలు", నా పేరు. అంతే.

సారయ్య ఆదివారం కూడా కనపడలేదు. తప్పు చేయనివాడు మొహం చాటేస్తాడా?

శ్యాంసుందర్


నిర్మల్
20 మార్చి

శ్యాంసుందర్‌కు,

నేను అడిగినదానికి జవాబు రాలేదు. అది కూడా ఒక జవాబే అనుకుంటున్నాను.

ప్రింట్లన్నీ నేల మీద పరిచి రెండు రోజులు చూశాను. నీ పన్నెండో నంబరు గొప్ప ఫొటో. దాన్ని చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి. కుడి వైపు నీళ్ల అంచున తెల్లటి పంపుహౌస్ ఉంది. ఎడమ పక్క కరెంటు టవరు. మధ్యలో ఒకదాని మీద ఒకటి వాలిన రెండు గుండ్లు. స్కేలు పెట్టి రెండు గీతలు గీశాను. నువ్వు ఏ రాతి మీద నిలబడి తీశావో చెప్పగలను. నా వయసు డెబ్బై, ఒక కంటికి ఆపరేషన్ అయింది. ధర్మసాగర్ వైపు నాలుగుసార్లు తిరిగినవాడెవడైనా ఆ ఫొటో చేతిలో పట్టుకుని నేరుగా అరుగు దాకా నడిచి వెళ్లగలడు. చోటు పేరు రాయలేదని నువ్వు గర్వంగా రాశావు. ఫొటో నిండా రాసి ఉంది.

వెనక్కి నడవమన్నది నేనే. కట్ట, నీళ్లు కనపడాలని విడమరిచి మరీ చెప్పింది నేనే. పిట్టను ఇంటితో సహా చూపించాలని ఉబలాటపడ్డాను. ఈ తప్పులో సగం నాది. నువ్వు ఒప్పుకోకపోయినా నేను ఒప్పుకుంటున్నాను. రాత్రి తరావీహ్ నమాజులో కూడా నాకు ఆ అరుగే గుర్తొచ్చింది.

ఇంకొకటి ఉంది. దాచితే నీలాంటివాణ్ణే అవుతాను కనక చెప్తున్నాను. ఇరవై నాలుగో ప్రింటు, ఖాళీ అరుగు. ఎడమ మూలన ముళ్ల కొమ్మకు నల్లగా ఏదో చిక్కుకుని ఉంది. భూతద్దం పెట్టి చూశాను. ఉన్ని. గొంగడి ఉన్ని. అంతకుముందు ఆదివారం ప్రింట్లలో ఆ కొమ్మకు ఏమీ లేదు. కాబట్టి సారయ్య ఆ మధ్యలో అరుగు దాకా వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో ఉన్ని చెప్పదు. ఆ ప్రింటు తీసుకుని ఆయన ఇంటికి వెళ్లు. ఎదురుగా కూర్చుని అడుగు. దాన్ని తిరిగి పంపుతున్నాను.

కరీం


సుబేదారి
26 మార్చి

కరీం భాయ్‌కి,

ముందు ఒక అబద్ధం సరిచేసుకోవాలి. మూడో తేదీ ఉత్తరంలో "రాసివ్వాలనే అనుకుంటున్నాను" అన్నాను. అప్పటికే రాసిచ్చేశాను. ఆదివారం మధ్యాహ్నమే, గుట్ట దిగిన చెమట ఆరకముందే. మీరు వద్దంటారని తెలిసే దాచాను.

మీరు పంపిన ప్రింటు చూడగానే నాకు సంతోషం వేసింది. సిగ్గు విడిచి చెప్తున్నాను. దొంగ దొరికాడని సంతోషం. దాన్ని జేబులో పెట్టుకుని, ఏమేం అడగాలో దారి పొడవునా వల్లించుకుంటూ వెళ్లాను. ఇంటి ముందు సారయ్య భార్య సోమక్క చాటలో పెసలు చెరుగుతోంది. ఆమె నాకు ఎప్పుడూ పీట వేయకుండా ఉండలేదు. ఈసారి లేవలేదు.

"ఏం సార్, ఇంకేమన్న రాసిచ్చేటిది మిగిలిందా?" అంది.

నా కాగితం ఏం చేసిందో అప్పుడు తెలిసింది. సారయ్యను గుట్ట ఎక్కవద్దన్నారు. మేకలు కూడా ఎక్కకూడదు. ఈ ఎండాకాలం నిప్పు కాపలా ఇంకొకరికి ఇచ్చారు. మేకల్ని రోడ్డు పక్కన మేపుతుంటే చూడి మేకను టిప్పర్ గుద్దింది. సోమక్క ఇవన్నీ గొంతు పెంచకుండా చెప్పింది. చాట మాత్రం ఆపలేదు.

సారయ్య లోపలి నుంచి వచ్చాడు. చేతి కట్టు విప్పేసి ఉంది. నాలుగు లోతైన గీతలు, పక్కపక్కనే. ఏ ముల్లూ అలా గీయదు. ఆ గోళ్లను మీరూ నేనూ ఎన్నిసార్లు ఫొటో తీశాం. నేను ప్రింటు చూపించాను. దగ్గరగా పట్టుకుని చూసి, "నా గొంగడే సార్" అన్నాడు.

"పిల్లలేవి?"

"ఉన్నయ్."

ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "శనివారం ఇద్దరచ్చిండ్రు. ఫోన్ల మీరు తీసిన ఫొటో ఉంది, కింద మీ పేరుంది. గీ సారు మాకు దోస్తు, జర బండ యాడుందో చూపెట్టు అన్నరు. నాకెర్కలేదన్న. ఆళ్లు చెరువు దిక్కు చూస్తాండ్రు, గుట్ట దిక్కు చూస్తాండ్రు. రేపటికల్ల బండను దొరకవడ్తరని సమజైంది. పొద్దూకంగ పొయ్యి రెండిట్ని గొంగట్ల చుట్టుకొని ఇంకో జాగల పెట్టిన. తల్లి మీదికచ్చి చెయ్యి చీరింది. ఆటి సప్పుడు ఇనుకుంట అదే ఎంబడి అచ్చింది. ఇప్పుడు ఆడనే మేపుతాంది."

"నాకెందుకు చెప్పలేదు సారయ్యా?"

ఆయన సోమక్క వైపు చూశాడు. ఆమే చెప్పింది. "ఆళ్లను మీరే తోలిండ్రనుకున్నడు సార్. మీ ఫొటో, మీ పేరు. ఇంక ఎవలనుకోవాలె?"

"ఆదివారం మీరు దిగుడు దిగుడే పిల్లలెటు పోయినయని నన్ను కసిరిండ్రు" అన్నాడు సారయ్య. "సారు ఆళ్లకు మాటిచ్చినట్టున్నడు, అందుకే గింత ఆగమైతాండు అనుకున్న. భాస్కర్ సారు అడిగితే ఆయనకూ చెప్పలే. ఆయనకు చెప్తే మీకు చెప్తడు గద."

కరీం భాయ్, ఆయన మూడు వారాలు దొంగ అనిపించుకున్నాడు, మేకను పోగొట్టుకున్నాడు, కాపలా పని పోగొట్టుకున్నాడు. ఒక్క మాట చెప్తే అన్నీ తేలిపోయేవి. ఆ మాట నా చెవిన పడకూడదని చెప్పలేదు. నా నుంచి కాపాడాడు ఆ పిల్లల్ని. నాకు ఏడుపొచ్చింది. వాళ్ల ముందే ఏడ్చాను. సోమక్క అప్పుడు కూడా పీట వేయలేదు, కానీ నీళ్లు తెచ్చి ఇచ్చింది.

శ్యాంసుందర్


నిర్మల్
2 ఏప్రిల్

తమ్ముడు శ్యాంకు,

నీ ఉత్తరం రంజాన్ పండుగ మర్నాడు పొద్దున అందింది. పండుగ చుట్టాల మధ్యే విప్పి చదివాను. షీర్‌ఖుర్మా గిన్నె పక్కన పెట్టేశాను. ఫర్హానా నా చేతిలోంచి కాగితం లాక్కుని తానూ చదివింది. చదివి, "మీరిద్దరూ కలిసి ఆయన్ని ముంచారు నాన్నా" అంది. పెదాలు చూడకపోయినా తెలిసేది ఆ మాట.

ఇప్పుడు నువ్వు ఏం చేశావో నాకు కావాలి. ఏం చేద్దామనుకుంటున్నావో కాదు. ఫిర్యాదు తప్పని, పిల్లల్ని కాపాడింది సారయ్యేనని భాస్కర్‌కు రాసిచ్చావా? తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నావా? నువ్వు ఇచ్చానంటే నమ్మను. కోపగించుకోకు, ఒకసారి నమ్మి చూశాను. నకలు పంపు.

సారయ్యకు విడిగా కార్డు రాశాను. ఆయనకు చదువు రాదు, సోమక్క ఎవరితోనైనా చదివించుకుంటుంది. మాఫీ అడిగాను. ఆ వెనక్కి నడవమన్న సంగతి కూడా రాశాను.

ఇక నాకు ఒక్కటి తెలియాలి, నాకు మాత్రమే. ఆ పిల్లలు ఇప్పుడు గుట్టకు ఏ పక్కన ఉన్నాయి? ఈ వయసులో నేను వచ్చి చూసేది లేదు. కళ్లు మూసుకుంటే ఊహించుకోవడానికి ఒక చోటు కావాలి, అంతే.

కరీం


సుబేదారి
7 ఏప్రిల్

కరీం భాయ్‌కి,

నకలు జత చేశాను. భాస్కర్ సంతకం, తేదీ ఉన్నాయి, భూతద్దం పెట్టి చూసుకోండి. మీరు నమ్మననడం న్యాయమే. మేకలు మళ్లీ గుట్ట ఎక్కుతున్నాయి. కాపలా పని మాత్రం ఈ ఏడాదికి పోయినట్టే, వచ్చే ఏడు చూద్దామన్నారు. వాళ్ల తప్పు కాదు, నేను రాసిచ్చిన కాగితమే అలాంటిది. గ్రూపులోంచి ఫొటో తీసేశాను. అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో నాకు తెలియదు. ఆ ఇద్దరూ మళ్లీ రాలేదని మల్లక్క చెప్పింది, నేను మాత్రం రోడ్డు మీద కొత్త బండి కనపడితే ఆగి నంబరు రాసుకుంటున్నాను.

నిన్న ఆదివారం కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లాను. సారయ్య నా సంచీ వైపు చూశాడు. నేనే విప్పి చూపించాను. నీళ్ల సీసా, రెండు రొట్టెలు, పచ్చడి.

"ఫోన్?" అన్నాడు.

"ఇంట్లోనే ఉంది."

జేబులు కూడా తట్టి చూపించాను. అరవై రెండేళ్ల వయసులో, తెలిసిన మనిషి ముందు. అప్పుడు కూర్చోమన్నాడు. సాయంత్రం దాకా మేకల వెంట తిరిగాను. దిగేముందు, ఒక్కసారి దూరం నుంచి చూడనిస్తావా అని అడిగాను.

"ఇప్పుడొద్దు సార్" అన్నాడు.

గుట్ట కింద స్కూటర్ తీస్తుండగా గూబ కూసింది. బరువుగా, రెండుసార్లు. దానికి బదులుగా పిల్ల ఒకటి సన్నగా, బుసకొట్టినట్టు పలికింది. ఆ వెంటనే ఇంకొకటి. రెండూ ఉన్నాయి, భాయ్. ఇన్నేళ్లు ఆ గుట్ట తిరిగినవాణ్ణి, ఏ సందులోంచి వస్తోందో నాకు అర్థమైపోయింది. సారయ్య పైనుంచి నన్నే చూస్తున్నాడు, నా తల ఎటు తిరుగుతుందోనని. నేను తల తిప్పలేదు. హెల్మెట్ పెట్టుకుని ధర్మసాగర్ రోడ్డెక్కాను.

ఏ పక్కన అని అడిగారు. మీకు రాయను, కరీం భాయ్. కోపం తెచ్చుకోకండి.

శ్యాంసుందర్